మెట్టు మీద పెట్టిన చెంబు

సరోజత్తయ్య నవలలు చదివి చెడిపోయిందని మా ఇంట్లో మగవాళ్లు చెప్తారు. చదివి కాదు, వారపత్రికలో వచ్చిన సీరియల్ పేజీలు చించి కుట్టేటప్పుడు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి పెట్టేసిందనీ, ఆ కలగాపులగం కథ విని మా నాయనమ్మకు మతి పోయి, తాంబూలాలు పుచ్చుకున్న సంబంధాన్ని చేజేతులా వదులుకుందనీ ఆడవాళ్లు చెప్తారు. మొన్న మా చిన్నాన్నగారింట్లో అన్నప్రాసన నాడు కూడా పులిహోర వడ్డనల మధ్య ఈ ముచ్చట మరోసారి నడిచింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, పైగా వాదనకు దిగాను, దాంతో నన్ను చూసి ఇంకాస్త నవ్వారు. అక్కడ నన్ను పూర్తి చెయ్యనివ్వని మాట ఇక్కడ చెప్తాను. మగవాళ్లు చెప్పేదీ తప్పే, ఆడవాళ్లు చెప్పేదీ తప్పే. అత్తయ్య చెడిపోనూ లేదు, పొరపాటూ పడలేదు. ఆ పేజీలను పదేళ్ల పిల్లగా పైకి చదివింది నేను. ఆ మధ్యాహ్నం అక్కడ కూర్చున్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది అత్తయ్యా, నేనూ.

ఆ పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పాత క్యాలెండరు కాగితం అట్ట, దబ్బనంతో పొడిచి పురికొసతో బిగించిన వీపు, చివర్లు బెల్లం రంగుకు తిరిగిన పేజీలు. పోయిన నెల పొన్నూరు వెళ్లినప్పుడు, బీరువా సర్దుకుంటూ అత్తయ్య నా ఒళ్లో పడేసింది. ఇంటికి తెచ్చుకుని తెరిచానో లేదో తుమ్ము మీద తుమ్ము. ఇన్నేళ్లయినా ఆ మడతల్లో మిరపకాయ ఘాటు చావలేదు.

మా ఊరు పర్చూరు దాటాక, అటు గుంటూరు జిల్లాకూ ఇటు ప్రకాశం జిల్లాకూ ఎవరికీ పట్టనట్టు ఉండే నల్లరేగడి ఊరు. వానాకాలం ఆ నేల చెప్పుల్ని లాగేసుకుంటుంది, ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చి మా గోలీకాయల్ని మింగేస్తుంది. చలికాలమంతా పత్తి. పత్తి తీసి వచ్చిన అమ్మల జడల్లో, పంట్లాంల మడతల్లో, పాల మీది మీగడలో కూడా పత్తి పింజెలే, చావిట్లో కప్పుదాకా పోసిన పత్తిలో గోడ మీంచి దూకి మునిగిపోయి ఊపిరాడక పైకి తేలడం మా పిల్లలకు ఆట, పత్తి మురికవుతుందని నాన్న కర్ర పుచ్చుకుని రావడం ఆ ఆటలో భాగం. పత్తి బండ్లు కదిలిపోయాక మిరప. ఊరి చుట్టూ కల్లాలు ఎర్రగా పరుచుకునేవి, బస్సు మలుపు తిరిగేసరికి ముందు ఊరు కాదు, ఆ ఎరుపు కనపడేది, అంతకంటే ముందు ముక్కుకు తెలిసేది. ఆ రోజుల్లో రోట్లో చింతపండుతో నలిగిన పండుమిరపకాయ పచ్చడి, పైన వేడి అన్నం, దాని మీద చేత్తో వేసిన వెన్నముద్ద, కళ్లలో నీళ్లు కారుతుంటే ఇంకో ముద్ద కోసం చాచిన అరచెయ్యి. అంతకు మించిన పండగ వంట నాకు ఇప్పటికీ తెలియదు.

కాయ ఎండి ఇల్లు చేరాక తాలు ఏరాలి. తెల్లబారిన కాయ, మచ్చపడిన కాయ ఒక పక్కకి, నికార్సైన ఎర్రకాయ ఇంకో పక్కకి. లేకపోతే గుంటూరులో ధర కోస్తారు. మా పంచలో గుట్ట పోసి, నాయనమ్మ, అమ్మ, సరోజత్తయ్య, ఎదురింటి రత్తమ్మ పెద్దమ్మ, వాళ్ల కోడలు చుట్టూ కూర్చునేవాళ్లు. కొంగులు ముక్కులకు చుట్టుకుని, మంట పుట్టిన చేతుల్ని మధ్య మధ్య మజ్జిగలో ముంచుకుంటూ సాయంత్రందాకా ఏరేవాళ్లు. ఆ పనికి చేతులూ కళ్లూ చాలు, చెవులు ఖాళీ. అందుకని ఒకరు చదవాలి, మిగతావాళ్లు వినాలి. చదివేవాళ్లకు ఏరుడు మాఫీ. ఇది మా వీధిలో ఎవరూ పెట్టకుండానే ఏర్పడ్డ రూలు.

వారపత్రిక సాయంత్రం బస్సులో వచ్చేది. మా ఇంట్లో అయ్యాక రత్తమ్మ పెద్దమ్మ ఇల్లు, అక్కణ్ణించి మాస్టారుగారిల్లు, అలా వీధంతా తిరిగి నూనె మరకలతో మళ్లీ మా ఇంటికే చేరేది. అప్పుడు అత్తయ్య సీరియల్ కాగితాలు జాగ్రత్తగా చించి, ఏ వారానికావారం మడిచి, ట్రంకుపెట్టెలో దాచేది. ఆ ఏడాది ఊరిని ఊపేసిన సీరియల్ ఒక యుద్ధకాలపు ప్రేమకథ. పేరు చెప్పను. చెబితే చదివినవాళ్లూ చదవనివాళ్లూ కలిసి నా మీద పడతారు.

కథ చిన్నదే. కేశవ సైన్యంలో చేరతాడు. అతన్ని ప్రేమించిన వసుంధర స్టేషనులో వీడ్కోలు ఇస్తుంది. యుద్ధం మొదలవుతుంది. అతని ఆచూకీ తెలియడం లేదని టెలిగ్రాం వస్తుంది. ఆమె ఎదురుచూస్తుంది. చూసి చూసి, మంచాన పడ్డ తండ్రి కోసం ఒక బడిపంతులుకు భార్య అవుతుంది. చచ్చిపోయాడనుకున్న కేశవ ఒక కాలు పోగొట్టుకుని, యుద్ధం ముగిసిన చాలా కాలానికి ఆమె గుమ్మం ముందుకొచ్చి నిలబడతాడు. అయితే పత్రికలో ఆ రచయిత ఇలా మొదటినుంచీ చెప్పలేదు. మొదటి వారమే గుమ్మం. ఊతకర్ర మీద వాలిన కేశవ, లోపల పసిపిల్ల ఏడుపు, నుదుట ఇంకొకరి బొట్టుతో బయటికొచ్చిన వసుంధర. ఆమె ఏడవదు. ఏమయ్యావని అడగదు. చెంబుతో మంచినీళ్లు తెచ్చి, అతని చేతికివ్వకుండా మెట్టు మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడుతుంది. అంతే, తరువాయి వచ్చే వారం. ఆ తర్వాత ఏడాది పొడుగునా, జరిగిపోయినదంతా ముక్కలు ముక్కలుగా వచ్చింది.

ఆ మొదటి వారం అత్తయ్య చదవగానే రత్తమ్మ పెద్దమ్మ నోట్లో చుట్ట తీసి, కాలు పోగొట్టుకుని వచ్చినవాడికి నీళ్లు చేతికివ్వడానిక్కూడా మనసు రాలేదా, ఇదేం ఆడది అంది. నాయనమ్మ ఒకటే మాటంది: "పొగరు." ఇక ఆ మాట చెరగలేదు. తర్వాతి వారాల్లో వసుంధర ఎంత ఏడ్చినా, ఎన్ని పూటలు పస్తున్నా, మా పంచలో ఎవరూ కరగలేదు. ఎంత ఏడిస్తే ఏంలే, చివరికి చేసేది తెలుసుగా అనేవాళ్లు. ఆమె కన్నీళ్లన్నీ ముందే తీర్పు చెప్పేసిన కోర్టులో వాదనలయిపోయాయి. కేశవనైతే ఒక్కరూ ఒక్క ప్రశ్నా అడగలేదు. కుంటుకుంటూ కథలోకి వచ్చినవాణ్ణి ఎవరడుగుతారు?

ఇందులో అత్తయ్యకేమిటి అంటారా. అత్తయ్యకు అప్పటికే తన బావ సుధాకర్‌తో తాంబూలాలయ్యాయి. నాయనమ్మ సొంత అన్నగారి కొడుకు, వాళ్లది సింగరాయకొండ. సైన్యంలో చేరి ఉత్తరాదిన ఎక్కడో సరిహద్దులో ఉండేవాడు. ముహూర్తం ఇదిగో అదిగో అంటూ ఏళ్లు గడిచాయి. ఇంటర్ ప్యాసయిన అత్తయ్య టీచరు ట్రైనింగుకు వెళ్తానంటే, వాడు ఏ క్షణాన సెలవు పెట్టుకుని వస్తాడో, నువ్వు హాస్టల్లో కూర్చుంటే ఎట్లా అని ఆపారు. ఊళ్లో ఆమెకు ఎక్కడలేని గౌరవం. బావి దగ్గర బిందె పెట్టడానికి దారిచ్చేవాళ్లు, పేరంటాల్లో ముందు ఆమెకే పసుపు రాసేవాళ్లు. దేశం కోసం పోయినవాడి మనిషి, ఎంత ఓర్పో అనేవాళ్లు. బావ ఎట్లా ఉన్నాడని ఎవరడిగినా "బాగున్నాడట" అనేది. ఆ 'ట' దగ్గర ఎవరూ ఆగలేదు. పెళ్లి కాని పిల్ల మగవాడి దగ్గర్నుంచి ఉత్తరం రాలేదని నోరు తెరిచి చెప్పుకోవడం మా ఇళ్లలో సిగ్గుమాలినతనం. అందులోనూ అతను నాయనమ్మ పుట్టింటి పిల్లాడు. అతని మీద ఫిర్యాదంటే కన్నతల్లి పుట్టింటి మీద ఫిర్యాదు.

సీరియల్ ముగిసింది. ఆ ఏడు పత్తి తీతలయ్యాక, ఒకరోజు అత్తయ్య ట్రంకుపెట్టెలోంచి కాగితాల మడతలన్నీ తీసి మంచం మీద పరిచింది. నేను పక్కనే కూర్చుని దబ్బనానికి పురికొస ఎక్కించి ఇస్తున్నాను. ఒక్కో వారం తీసి చూసుకుని, ఆలోచించి, ఇక్కడ కాదని తీసి అక్కడ పెట్టి, మళ్లీ మార్చి. పాచికలాడేవాళ్ల ముఖంలో ఉండే ఏకాగ్రత ఆ ముఖంలో చూశాను. పొరపాటున కుట్టే మనిషి అట్లా ఉండదు. మొదటి వారం, అంటే ఆ గుమ్మం, తీసి అన్నిటికంటే అడుగున పెట్టింది. స్టేషను వీడ్కోలు పైకొచ్చింది. ప్రతి వారం నెత్తిన అచ్చయిన అంకె మాత్రం కత్తిరించలేదు. అదేమిటత్తయ్యా అంకెలు కలవడం లేదుగా అన్నాను.

"అంకెలు చదవకు. కథ చదువు" అంది.

మిరప ఏరుడు మొదలయ్యాక చదివే పని నాకు అప్పగించింది. తన గొంతు బాగాలేదంది. నాకేం, కళ్లు మండే పని తప్పింది కదా అని పీట వేసుకుని, గొంతు పెంచి, రాజ్యమేలుతున్నట్టు చదవడం మొదలుపెట్టాను. పాత కథే కదే, మళ్లీ ఎందుకు అని రత్తమ్మ పెద్దమ్మ సణిగింది. మొదటి పూట సణిగింది, రెండో పూటకు ఆమె చుట్ట ఆరిపోయినా వెలిగించుకోలేదు.

ఎందుకంటే ఇప్పుడు ఎవరికీ గుమ్మం లేదు. ఉన్నదల్లా స్టేషనులో రైలు వెంట నడిచి, ప్లాట్‌ఫారం అయిపోయిన చోట ఆగిన ఒక పిల్ల. ఆమెకేం తెలుసో విన్నవాళ్లకూ అంతే తెలుసు. టెలిగ్రాం వచ్చినప్పుడు ఆమెతోబాటు వీళ్లూ ఉలిక్కిపడ్డారు. అన్నీ ముందు విన్నవాళ్లే, అయినా ఉలిక్కిపడ్డారు. పోస్టుమేను వచ్చే వేళకు వసుంధర రోజూ వీధి గేటు దగ్గర నిలబడే వారాలు వచ్చాయి. ఉత్తరం ఉండదు. లేదమ్మా అని చెప్పలేక ఆ ముసలి పోస్టుమేను సైకిలు దిగి, ఎండగా ఉందని మంచినీళ్లడుగుతాడు. ఆమె చెంబు తెచ్చి రెండు చేతులతో అతని చేతికిస్తుంది. తాగినంతసేపూ నిలబడుతుంది. రోజూ ఇదే. పత్రికలో వచ్చినప్పుడు, ఏముంది ఈ వారం, వట్టి నీళ్లు అని వీళ్లే విసుక్కున్నారు. ఇప్పుడు అదే పేజీ చదువుతుంటే గుట్టలో చేతులు ఆగిపోయాయి.

నాయనమ్మ ఒకసారి నన్ను ఆపింది. "ఏమే, నువ్వు సొంతంగా కలిపి చదవట్లేదు గదా?"

లేదన్నాను. పేజీ తిప్పి చూపించాను, ఆవిడకు చదువు రాకపోయినా.

"పేర్లు అవే. మనిషి మారింది" అంది నాయనమ్మ, తనలో తను.

ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకో అప్పుడు తెలియదు. ఆ రాత్రి అన్నాలయ్యాక పుస్తకం విప్పి, చదివిన పేజీలన్నీ వేలితో తడుముతూ వెతికాను. అత్తయ్య ఎక్కడైనా ఒక మాట చెరిపిందా, ఒక మాట రాసిందా అని. ఏమీ లేదు. అచ్చు అచ్చులాగే ఉంది. ఒక్క అక్షరం మారకుండా ఒక ఆడమనిషి పొగరుమోతు కావడం మాని ఇంకెవరో అయిపోయింది. వాన పడ్డ తెల్లారి మా నల్లనేల మీద ఆరుద్ర పురుగులు బయటపడినప్పుడు నిన్న ఇవెక్కడున్నాయని నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఆ పేజీల ముందు సరిగ్గా అట్లాగే కూర్చున్నాను.

ఇక చివరి మధ్యాహ్నం. ఎండ పంచ అంచుదాకా వచ్చి ఆగింది, గుట్ట తరిగి అడుగు కనపడుతోంది. గుమ్మం చదివాను. ఊతకర్ర చప్పుడు, పసిపిల్ల ఏడుపు, వసుంధర బయటికి రావడం. చెంబు మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగి నిలబడటం. అయిపోయింది. నేను అట్ట మూశాను. రత్తమ్మ పెద్దమ్మ ముక్కు చీదింది, మిరప వల్ల కావచ్చు.

అప్పుడు నాయనమ్మ, చేతిలో ఉన్న కాయ అటు వెయ్యాలో ఇటు వెయ్యాలో తెలియనట్టు పట్టుకుని, మెల్లగా అంది: "పోస్టుమేనుకు చేతికిచ్చింది. వీడికి మెట్టు మీద పెట్టింది. మంచి పనే చేసింది."

"అదేంటి," అంది రత్తమ్మ పెద్దమ్మ. "పోయినేడు పొగరన్నావు."

"అప్పుడు పోస్టుమేను లేడుగా మధ్యలో. బతికుండి, చేతులుండి, ఒక్క ముక్క రాయనివాడి కోసం ఎవతి ఎన్నాళ్లు కూర్చుంటుంది?"

అత్తయ్య తలెత్తలేదు. ఏరుతూనే ఉంది. కాయ మీద కాయ గలగలమంటూ పడుతోంది. ఆ గలగలలోంచే అడిగింది, నన్ను మంచినీళ్లడిగినంత మామూలుగా.

"మరి నేనెన్నాళ్లు కూర్చోవాలమ్మా?"

నాయనమ్మకు మొదట అర్థం కాలేదు. సుధాకర్ ఆఖరుగా ఎప్పుడు రాశాడని అడిగింది. అత్తయ్య చెప్పింది. ఆఖరుగా అని లేదు, ఎప్పుడూ రాయలేదు. తాంబూలాలయ్యాక ఒక్క కార్డు లేదు. రెండుసార్లు సెలవు మీద సింగరాయకొండ వచ్చి, మా ఊరి మీదుగానే గుంటూరు వెళ్లి రైలెక్కాడు. బస్సులో చూసినవాళ్లు చెబితే తెలిసింది. వాళ్లమ్మకు మాత్రం నెలనెలా రాస్తాడు. ఇవన్నీ గొంతు పెంచకుండా, కన్నీళ్లు పెట్టకుండా, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. అక్కడున్న ఎవరికీ ఇందులో ఒక్క ముక్క తెలియదు. మా అమ్మకు కూడా.

నాయనమ్మ లేచి, మజ్జిగలో చేతులు ముంచుకుని, కొంగుతో తుడుచుకుని లోపలికి వెళ్లింది. మర్నాడు మొదటి బస్సుకు నాన్నను వెంటబెట్టుకుని సింగరాయకొండ బయల్దేరింది. తాంబూలాల నాడు వాళ్లు పెట్టిన పట్టుచీర, పసుపుకుంకాల భరిణె సంచిలో ఉన్నాయి. అక్కడ ఏం జరిగిందో నాన్న ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అన్నగారు, దేశసేవ చేసేవాడి మీద నింద వేస్తావా అన్నారట, నింద కాదన్నయ్యా, చీర తెచ్చాను తీసుకో అందట నాయనమ్మ. అంతే తెలుసు. సాయంత్రం బస్సు దిగిన మనిషి నేరుగా దొడ్లోకి వెళ్లి కాళ్లు కడుక్కుని, గుట్ట దగ్గర కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్లూ పుట్టింటి గడప తొక్కలేదు, పుట్టింటివాళ్లెవరూ మా గడప తొక్కలేదు. ఆ పౌరుషాల మధ్య సుధాకర్‌ను, ఎందుకు రాయలేదయ్యా అని అడిగినవాళ్లు లేరు. అతను ఆ తర్వాత ఎవర్నో చేసుకున్నాడని విన్నాం.

అత్తయ్య ట్రైనింగుకు వెళ్లింది. ఊళ్లో బావి దగ్గర దారివ్వడం మానేశారు. టీచరయింది, తోటి టీచరును చేసుకుంది, పొన్నూరులో స్థిరపడింది, ముప్పై ఏళ్లపాటు పిల్లల్ని బెదిరించి చదివించి రిటైరయింది. సుఖపడిందా అని అడక్కండి. తన బతుకు తను బతికింది.

తర్వాత నేను కాలేజీలో చేరాక, కథలో సంఘటనల కూర్పు వేరు, పాత్ర స్వభావం వేరు, రెండు విడివిడి అంశాలు అని లెక్చరరుగారు నోట్సు చెప్పారు. నేను లేచి నిలబడి వేరెట్లా అవుతాయని అడిగాను. మనిషి ఎవరో మనకు తెలిసేదే ఏ పని ముందు చూశాం, ఏ పని తర్వాత చూశాం అన్నదాన్ని బట్టి కదా అన్నాను. ఆయన కూర్చోమన్నారు. కూర్చున్నాను గానీ ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. కథలో మనుషుల సంగతే కాదిది. మా వీధిలో ఎవర్ని తలుచుకున్నా, నేను వాళ్లను ఏ గుమ్మం దగ్గర మొదట చూశానా అని వెనక్కి వెళ్లి చూసుకోవడం అప్పట్నుంచీ అలవాటయింది.

ఆ పంచ ఇప్పుడు లేదు. కాయ కల్లంలోంచే కోల్డ్ స్టోరేజీకి పోతోంది, ఆ వారపత్రిక ఆగిపోయి చాలా కాలమయింది, చేతులు పనిలో ఉండగా చెవులు ఒకే కథకు ఒప్పజెప్పి కూర్చునే ఆడవాళ్ల గుంపు మా వైపు ఎక్కడా కనపడదు. నాయనమ్మా లేదు, రత్తమ్మ పెద్దమ్మా లేదు. ఈ పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాక, పెద్దదాన్నయ్యాను కదా, అత్తయ్య వద్దన్న పని చేశాను. అంకెలు చదివాను. పత్రికలో వచ్చిన వరసలో పెట్టి చూద్దామని వారం పక్కన వారం రాసుకుంటూ పోతే, ఒక్క అంకె లేదు. చిరగలేదు, సగం ఊడలేదు. అసలు ఆ వారం ఇందులో కుట్టనే లేదు. కథను బట్టి చూస్తే అది టెలిగ్రాంకీ గుమ్మానికీ మధ్య, కేశవ ఆసుపత్రిలో ఉన్న కాలం నాటిది. అతను ఎందుకు రాయలేదో చెప్పగలిగిన చోటు ఈ నవలలో అదొక్కటే. పత్రికలో వచ్చిన ఏడు నేను ఆటల్లో పడి సగం వారాలు వినలేదు, నాకు గుర్తు లేదు.

అత్తయ్యకు ఫోను చేశాను. ఏ ఎలుక కొట్టేసిందో నలభై ఏళ్ల కాగితాలు అంది. ఎలుక వెతుక్కుని వెతుక్కుని ఆ ఒక్క వారాన్నే కొట్టిందా అత్తయ్యా అన్నాను. నీకు ఈ వాదన మీ నాయనమ్మ నుంచే వచ్చిందే అని నవ్వి, ఈ ఏడు పండుమిరప ఎప్పుడు పంపిస్తావని అడిగింది. ఇంకేం చెప్పలేదు, చెప్పదు కూడా.

ఆవిణ్ణి నేను తప్పుపట్టడం లేదు. నా అనుమానం ఆవిడ మీద కాదు. ఆ వారం బస్సు రాక పత్రికే రాలేదంటే సరే. వచ్చి ఉంటే మాత్రం, పంచలో ప్రతి వారమూ వదలకుండా విన్న మనిషి నాయనమ్మ, విన్నది ఒక్క ముక్క మర్చిపోని మనిషి. కేశవ ఎందుకు రాయలేదో అందులో ఉండి, అది ఆవిడ చెవిన పడే ఉంటే, ఆ మధ్యాహ్నం నేను ఆ వారాన్ని దాటి గుమ్మంలోకి చదువుకుంటూ పోతున్నప్పుడు, ఒకసారి నన్ను ఆపి అడిగిన ఆ మనిషి రెండోసారి ఎందుకు ఆపలేదు?